పైదారి గాలి

ఆ వేసవిలో మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను. అది అమ్మ కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పుతూ, ఇంటిల్లిపాదినీ వంతులవారీగా చల్లబరిచేది. బడులు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి కాబట్టి అమ్మకి తల ఎత్తే తీరిక ఉండని కాలం అది. అలాంటి కాలంలో ఆ ఫ్యానుని నేనూ అన్నయ్యా ఎత్తుకుపోయి నడవలో ఒక గాజు పెట్టెకి తగిలించాం. ఎవరూ మా వీపు విమానం మోత మోగించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

నాకు విమానాల చదువు మీద మనసు పడింది. ఏరోస్పేస్ ఇంజినీరింగ్. ఆ మాట తడబడకుండా పలకడానికే మా ఇంట్లో వాళ్ళకి చాలా రోజులు పట్టింది. తాతయ్య అయితే చివరిదాకా "గాలి ఇంజినీరింగు" అనే అన్నాడు. ఆ చదువు చెప్పే కాలేజీకి మా ఊరి నుంచి బస్సులో ఒక పగలంతా ప్రయాణం. ప్రవేశ పరీక్ష వేసవి మధ్యలో. అందులో సగానికి పైగా ఫిజిక్స్.

ఆ ఫిజిక్స్ దగ్గరే నా పని సున్నా. మా బడిలో ఫిజిక్స్ టీచరు బదిలీ అయి వెళ్ళాక ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. ఆయన గదిలో ఆటల బంతులూ వలలూ కాపురం పెట్టాయి. సూత్రాలన్నీ బట్టీ కొట్టి గట్టెక్కిన బాపతు మేం. బలం అంటే ఏమిటని అడిగితే గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్పేదాన్ని. తలుపు పిడి అంచునే ఎందుకు పెడతారని అడిగితే మాత్రం తలుపుకేసి చూస్తూ నిలబడేదాన్ని.

మేం అన్నాను కదా, ఆ రెండోవాడు మా అన్నయ్య. నాకంటే ఏడాది పెద్ద. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి ఒక ఏడాది బడి పోవడంతో నా క్లాసులో వచ్చి పడ్డాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒకే బెంచీ, ఒకే గొడుగు. టీచర్లు కూడా ఒకరిని తిట్టాలంటే ఇద్దరినీ పిలిచేవారు. ఇంట్లో మమ్మల్ని విడివిడిగా పిలవడం అందరూ ఎప్పుడో మానేశారు, "పిల్లలూ" అంటే ఇద్దరం పలికేవాళ్ళం.

అందుకే అమ్మ పెట్టిన షరతు ఎవరికీ వింతగా అనిపించలేదు. అప్లికేషను తెచ్చి చూపించిన రోజున మిషను ఆపకుండానే చెప్పింది.

"వెళ్తే ఇద్దరూ వెళ్ళండి. లేకపోతే ఇద్దరూ ఇక్కడే ఉన్న కాలేజీలో చేరండి. దాన్ని ఒక్కదాన్నీ అంత దూరం పంపే గుండె నాకు లేదు."

"నాకు విమానం చప్పుడు వింటేనే కళ్ళు తిరుగుతాయమ్మా," అన్నాడు అన్నయ్య.

"విమానం ఎక్కమనట్లేదురా. చదవమంటున్నాను. చెల్లెలికి తోడుగా ఉంటావు."

నాన్న బజారులో ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు నడిపేవాడు. నోటి నిండా మేకులు పెట్టుకుని పని చేసే అలవాటు వల్ల కాబోలు, ఇంట్లో కూడా తక్కువే మాట్లాడేవాడు. తాతయ్య వైపు చూశాడు. తాతయ్య అంటే నాన్నకి నాన్న, బస్టాండులో టైమ్ కీపరుగా పనిచేసి రిటైరయినవాడు. ఉద్యోగం వదిలినా మెడలో విజిలు వదల్లేదు. వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బస్సులని చూసి ఏది ఆలస్యమో ఎవరూ అడక్కుండానే చెబుతూ ఉండేవాడు.

"కోడలు చెప్పింది సబబుగానే ఉంది," అన్నాడు తాతయ్య. "ఆడపిల్లకి తోడుండాలి."

అలా నా భవిష్యత్తంతా మా అన్నయ్య మార్కుల మీద వేలాడింది. ఆ మాట అనుకుంటేనే నాకు చెమటలు పట్టేవి, ఎందుకంటే వాడి మార్కుల సంగతి నాకంటే బాగా తెలిసిన వాళ్ళు లేరు.

సైకిల్ షాపు మీద గదిలో ఒక రిటైర్డ్ లెక్చరరు పాఠాలు చెప్పేవారు. అందరూ ఆయన్ని యూనిట్ల మాస్టారు అనేవారు. ఎందుకో మొదటి రోజే తెలిసింది. బోర్డు మీద ఒక లెక్క వేసి, జవాబు చెప్పమని అన్నయ్యని లేపారు.

"ఎనిమిది," అన్నాడు అన్నయ్య.

"ఎనిమిది ఏమిటి? మీటర్లా, సెకన్లా? గుర్రాలా, గుమ్మడికాయలా?"

"ఉత్త ఎనిమిదే మాస్టారూ."

"ఉత్త ఎనిమిది తీసుకెళ్ళి బజారులో అమ్ముకో. నాకు యూనిట్లతో చెప్పు."

ఆయన దగ్గర మేం మొదటినుంచీ మొదలుపెట్టాం. వేగం అంటే ఏమిటి, త్వరణం అంటే ఏమిటి, బల్ల మీద ఉన్న పుస్తకాన్ని బల్ల పైకి ఎందుకు తోస్తుంది. నాకు ఒక్కొక్కటే తెలుస్తుంటే ఊరంతా కొత్తగా కనబడేది. బావి దగ్గర కప్పీ, గుమ్మం దగ్గర వాలుబల్ల, మలుపులో పక్కకి ఒరిగే బస్సు, అన్నీ నాతోనే మాట్లాడుతున్నట్టుండేది. దారి పొడుగునా అన్నయ్యకి చెవిలో జోరీగలా వినిపించేదాన్ని. వాడు పాపం ఊఁ కొట్టేవాడు. నాన్న షాపు ముందుకి రాగానే మాత్రం వాడి కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. నాన్న గాజు కోస్తుంటే, ఆ వజ్రపు మొన గీత మీద వాడి కళ్ళు అతుక్కుపోయేవి. రెక్క పట్టుకుని లాగితే తప్ప కదిలేవాడు కాదు.

అయినా చదివేవాడు. అది చెప్పకపోతే అన్యాయం. మెట్ల మీద కూర్చుని, చెవులు మూసుకుని, "న్యూటన్లు, జౌళ్ళు, వాట్లు" అని జపం చేసేవాడు. వాడి మొహం చూస్తే నాకు జాలి వేసేది, వెంటనే భయమూ వేసేది.

ఒక మధ్యాహ్నం వీధి గుమ్మంలో కూర్చోబెట్టి విమానం రెక్క పాఠం చెప్పాను. నేను కొనుక్కున్న గైడులో బొమ్మతో సహా ఉంది. రెక్క పై భాగం వంపుగా ఉంటుంది, కింది భాగం చదునుగా ఉంటుంది. ఎదురుగా వచ్చిన గాలి రెక్క మూతి దగ్గర రెండుగా చీలుతుంది. పైన పోయే గాలికి దూరం ఎక్కువ. రెండూ రెక్క చివర మళ్ళీ ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి పైన గాలి వేగంగా పోతుంది. వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. అందుకే రెక్క పైకి లేస్తుంది.

"అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది," అన్నాడు అన్నయ్య, వాడికి తెలిసిన ఒకే ఒక్క జవాబు.

"నాకు కాలేదు," అన్నాడు తాతయ్య కుర్చీలోంచి. ఆయన వింటున్నాడని మేం అనుకోలేదు. "ఒకేసారి ఎందుకు కలుసుకోవాలి?"

"అంటే... కలుసుకోవాలి తాతయ్యా. ఇక్కడ కలిసి బయలుదేరాయిగా."

"బయలుదేరితే? ఒకదానికొకటి మాట ఇచ్చుకున్నాయా, ఫలానా చోట కలుద్దామని? నేను రోజూ ఒకే గేటులోంచి రెండు బళ్ళు వదిలేవాణ్ణి. ఒకటి వంతెన మీదుగా, ఇంకోటి మార్కెట్టు మీదుగా. నా సర్వీసు మొత్తంలో అవి రెండూ ఒకేసారి చేరిన పాపాన పోలేదు. దూరం దారిన పోయింది ఆలస్యంగా వస్తుంది. చచ్చినట్టు ఆలస్యంగా వస్తుంది."

"గాలికీ బస్సుకీ పోలికేంటి తాతయ్యా! పుస్తకంలో ఉంది చూడు."

"మా టైం టేబుల్ కూడా పుస్తకంలోనే ఉండేది."

అన్నయ్య పుస్తకం మూసేసి, ఆ వేసవిలో మొదటిసారి పాఠం మధ్యలో నవ్వాడు. "అయితే ఈ మాట అమ్మకి చెప్పు తాతయ్యా. కలిసి బయలుదేరినవి కలిసే చేరాలంటోంది."

తాతయ్య నవ్వలేదు. వీధిలో వెళ్తున్న బస్సుకేసి చూస్తూ విజిలు చొక్కా గుండీకి రుద్దాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజానికి తాతయ్య మీద కాదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోవడం మీద. ఎందుకు కలుసుకోవాలి? పుస్తకమంతా తిరగేసినా కలుసుకుంటాయనే ఉంది, ఎందుకో లేదు. రెండు రోజులు తాతయ్యతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నయ్యే అన్నాడు, "ఇంత గొడవెందుకు? చూసేద్దాం."

"గాలిని ఎలా చూస్తావురా?"

"పొగతో."

ఫిజిక్స్ జపం చేసేటప్పుడు వాడిపోయినట్టుండే ఆ మనిషి, చేతికి పని దొరికేసరికి ఇంకొకడైపోయాడు. నాన్న షాపులో మిగిలిపోయిన గాజు పలకలు తెచ్చాడు. ఫ్రేము చెక్కలతో పొడుగాటి పెట్టె కట్టాడు, ఒక పక్క గాజు, వెనక నల్ల అట్ట. చెక్క ముక్కని చిత్రిక పట్టి రెక్క చేశాడు. అది ఎంత నున్నగా ఉందంటే, నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు వెంట బొటనవేలు నడిపించి, నోట్లోని మేకులు తీసి మరీ "బాగుంది" అన్నాడు. నాన్న ఎవరి పనినీ మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు.

గాలి కోసం అమ్మ ఫ్యాను. మొదట ఫ్యానుని ముందు పెట్టి ఊదించాం. దోమల చుట్ట పొగ ఇల్లంతా నిండింది కానీ పెట్టెలో ఒక్క గీతా నిలబడలేదు, అంతా సుడులు తిరిగింది. తాతయ్య దగ్గుతూ వచ్చి, "దోమలు మాత్రం చస్తున్నాయి, చదువు మానేసి ఇదే వ్యాపారం పెట్టుకోండి," అని వెళ్ళాడు. ఫ్యాను సుడులు పుట్టిస్తోందని నేను గ్రహించాను, దాన్ని వెనక పెట్టి గాలిని లాగించాలని అన్నయ్యకి తట్టింది. ముందువైపు జ్యూసు షాపు నుంచి తెచ్చిన స్ట్రాలు కట్టగా పేర్చి అతికించాడు. వాటిలోంచి వచ్చేసరికి గాలి తల దువ్వుకున్నట్టు తిన్నగా వచ్చింది.

ఇక పొగని ముక్కలుగా వదలాలి. దోమల చుట్ట పెట్టిన డబ్బాలోంచి పొగ ఒక్కసారిగా ఉఫ్‌మని రావాలి, వెంటనే ఆగాలి. దానికి ఏం వాడాలో తోచక తల గోక్కుంటున్నాం. తాతయ్య లోపలికి వెళ్ళి, తన పెట్టె అడుగునుంచి ఒక వస్తువు తెచ్చి అన్నయ్య ఒళ్ళో పడేశాడు. పాత బస్సుల కాలంనాటి రబ్బరు బూరా. హారను పోయి ఉత్త రబ్బరు బుడగ మిగిలింది.

"మీ పుస్తకం ఓడిపోవడం నేను చూడాలి," అన్నాడు. "దానికి ఈమాత్రం సాయం చేస్తాను."

"ఓడేది నువ్వే తాతయ్యా," అన్నాను. అన్ని రోజుల తరవాత ఆయనతో అదే నా మొదటి మాట.

ఆ సాయంత్రం నడవలో అందరం చేరాం. నాన్న షాపు త్వరగా మూసి వచ్చాడు. అమ్మ మాత్రం లోపల కుడుతూనే ఉంది, చెమట పైట చెంగుతో తుడుచుకుంటూ. ఫ్యాను తిప్పాం. నేను గాజు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్నయ్య బూరా పట్టుకున్నాడు. తాతయ్య విజిలు నోట్లో పెట్టుకున్నాడు, బండి వదిలే అధికారం ఆయనదే కదా.

విజిలు మోగింది. అన్నయ్య బూరా నొక్కాడు.

తెల్లటి పొగ చార ఒకటి నిలువుగా కదిలి వచ్చి రెక్క మూతిని తాకి రెండుగా తెగింది. ఒక ముక్క వంపు మీదుగా పైకి పోయింది. ఇంకోటి కిందుగా పోయింది. పైముక్క రెక్క వీపెక్కి జారి, చివర దాటి, ముందుకు వెళ్ళిపోయింది. కిందిది అప్పటికి ఇంకా రెక్క పొట్ట కింద నెమ్మదిగా వస్తోంది.

మళ్ళీ విజిలు, మళ్ళీ పొగ. మళ్ళీ అంతే. అవి కలుసుకోలేదు. తాతయ్య చెప్పినట్టు దూరం దారిది ఆలస్యంగానూ రాలేదు. దూరం దారిన పోయిందే ముందు చేరింది, అదీ మామూలుగా కాదు, కిందిదాన్ని ఎక్కడో వదిలేసి.

"పుస్తకం తప్పు," అన్నాడు అన్నయ్య మెల్లిగా. "తాతయ్యా, నువ్వూ తప్పే."

నాన్న ఫక్కున నవ్వాడు. నేనూ తాతయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరం ఓడిపోయాం, కానీ నాకు ఒళ్ళంతా పులకరించింది. అంత సంతోషం నాకు ఏ పరీక్ష నెగ్గినా కలగలేదు, ఆ తర్వాత కూడా. మా నడవలో, మా ఫ్యానుతో, ఎవరో రాసింది కాకుండా ఉన్నది ఉన్నట్టు చూశాం.

తాతయ్య గాజు దగ్గరికి వంగి చూస్తూ, "అయితే పైదారిన పోయేది కిందిదాని కోసం ఆగదన్నమాట," అన్నాడు.

అప్పుడు గమనించాను, మిషను చప్పుడు లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో సగం కుట్టిన చొక్కా జేబుతో.

"ఇంకోసారి చూపించండి," అంది.

చూపించాం. అమ్మ కళ్ళు ఆర్పకుండా చూసింది. పొగ తెగడం, పైది వెళ్ళిపోవడం, కిందిది వెనక రావడం. "ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మిషను మళ్ళీ మొదలైంది.

మర్నాడు మాస్టారికి చెప్పాను, గైడులో తప్పుందని. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "కలుసుకోవాలన్న నియమం ఎక్కడా లేదమ్మా," అన్నారు. "చెప్పడానికి సులువుగా ఉంటుందని ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కని పైకి తోస్తుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. గైడులో తప్పుని మాత్రం పెన్సిలుతో కొట్టెయ్యి, పెన్నుతో వద్దు. రేపు నువ్వూ తప్పని తేలచ్చు."

తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "పెట్టె కట్టింది నువ్వా? పొడవెంత?" అన్నారు.

"నాలుగు అడుగులు మాస్టారూ."

"యూనిట్లు చెప్పాడు!" అన్నారు మాస్టారు. గదిలో అందరూ నవ్వారు, అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి.

పరీక్షకి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఫలితాలు వచ్చేలోపు అమ్మ, మిగిలిన ఖాకీ గుడ్డతో రెండు సంచులు కుట్టింది. ప్రయాణానికి. ఒకే కొలత, ఒకే రంగు, మమ్మల్ని కుట్టినట్టే. అవి రెండూ మేకుకి పక్కపక్కన వేలాడుతుండేవి. నేను రోజూ వాటికేసి చూసేదాన్ని. రెండు సంచులూ దిగితే దిగుతాయి, లేకపోతే రెండూ అక్కడే ఉండిపోతాయి.

ఫలితాలు పేపర్లో పడిన రోజు అన్నయ్యే వెళ్ళి పేపరు తెచ్చాడు. ఈల వేసుకుంటూ వచ్చాడు.

"నీ నంబరు ఉంది."

"నీది?"

"నాది కూడా వేస్తే పేపరు బరువెక్కుతుందని మానేశారు."

నేను నవ్వలేదు. వాడూ నవ్వు ఎక్కువసేపు నిలబెట్టలేకపోయాడు. ఇంట్లో ఎవరూ షరతు మాట ఎత్తలేదు. అమ్మ నా తల నిమిరింది, వాడి తలా నిమిరింది, మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

మెట్ల మీద వాడి పక్కన కూర్చుని, "నేను ఇక్కడే చేరతాలే. ఇక్కడ కూడా ఫిజిక్స్ ఉంటుందిగా," అన్నాను.

వాడికి కోపం రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను. అప్పుడు వచ్చింది.

"ఈ వేసవంతా ఆ న్యూటన్లనీ వాట్లనీ ఎందుకు మింగాననుకున్నావు? నాకు రుచిగా ఉన్నాయనా? నేను చదవకపోతే నిన్ను పంపరని. నా చేతనైనంత చదివాను. నాకు రాలేదు. నీకు వచ్చింది. ఇప్పుడు నువ్వూ ఆగిపోతే నా కష్టమంతా దేనికే?"

నాకు ఏడుపు ఆగలేదు. వాడు కాసేపు చూసి, "సరే, నీ కన్నీళ్ళ యూనిట్లేమిటో చెప్పు," అన్నాడు. ఏడుస్తూనే వాడి వీపు మీద ఒకటిచ్చాను.

ఇంట్లోకి వెళ్ళేసరికి మేకుకి ఒకటే సంచి ఉంది.

అమ్మ మిషను ముందు కూర్చుని రెండో సంచి కుట్లు విప్పుతోంది. చిన్న కత్తెర మొనతో ఒక్కొక్క దారాన్నీ తెంపి, గుడ్డ చిరగకుండా జాగ్రత్తగా వేరు చేస్తోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. అమ్మ తల ఎత్తలేదు.

"ఆ సంచి ఇలా తీసుకురా. పట్టీ సన్నగా ఉంది, భుజం కోసుకుపోతుంది. ఈ గుడ్డ దానికి జోడిస్తే వెడల్పుగా ఉంటుంది." దారం తెంపింది. "ఒక్కదానివే మోసుకోవాలిగా."

నేను సంచి తెచ్చి ఇచ్చాను. ఫ్యాను మళ్ళీ స్టూలు మీదకి వచ్చి మెడ తిప్పుతోంది. కుట్టినంతసేపూ అమ్మ పక్కనే నేల మీద కూర్చున్నాను, విప్పిన దారాలన్నీ ఏరి ఉండ చుడుతూ.

బయలుదేరే రోజున అందరం బస్టాండుకి వచ్చాం, అన్నయ్య తప్ప. "మీరు పదండి, షాపు దగ్గర చిన్న పనుంది, వచ్చేస్తాను," అన్నాడు. నాన్న నా పెట్టె బస్సు మీదకి ఎక్కించాడు. అమ్మ కిటికీ దగ్గర నిలబడి, చెప్పినవే మళ్ళీ మళ్ళీ చెప్పింది. తాతయ్య టైమ్ కీపరు గది ముందు, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న కుర్రాడితో ఏదో మాట్లాడుతున్నాడు. నేను మాత్రం గేటుకేసి చూస్తున్నాను. డ్రైవరు ఎక్కాడు. ఇంజను మొదలైంది. వాడు రాలేదు.

"తాతయ్యా, కాస్త ఆపమను. అన్నయ్య రానీ."

ఆయన ఒక మాట చెబితే ఆ బస్సు ఆగేది. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కిటికీ దగ్గరికి వచ్చి సంచి పట్టీ మీద ఉన్న నా చేతిని ఒకసారి గట్టిగా నొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, దాచుకోలేదు.

"వాడు వస్తాడమ్మా. నువ్వు పద."

వెనక్కి రెండడుగులు వేసి విజిలు ఊదాడు. ఎప్పుడో రిటైరయిన మనిషి విజిలుకి ఆ డ్రైవరు ఎందుకు కదిలాడో తెలియదు, కదిలాడు. అమ్మ చెయ్యి కిటికీ అంచు మీదనుంచి జారిపోయింది.

గేటు దాటి మలుపు తిరిగాక కనబడ్డాడు. చంకలో ఏదో పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. బస్సు వాణ్ణి దాటిపోయింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను, ఏమని అరిచానో నాకే తెలియదు. వాడు రోడ్డు మధ్యలో ఆగి, చంకలోది రెండు చేతులతో తలపైకి ఎత్తి చూపించాడు. గాజు ఫ్రేములో పెట్టిన మా రెక్క. ఎండ పడి ఒకసారి తళుక్కుమంది. ఆ తర్వాత దుమ్ము.

ఆ ఫ్రేము నాకు అందలేదు. ఇవాళ్టికీ షాపులో కౌంటరు వెనక గోడ మీద ఉంది. ఇప్పుడు ఆ షాపు వాడిది. గాజు కోయడంలో నాన్నని మించాడని నాన్నే చెబుతాడు, మేకులు నోట్లోంచి తీసి మరీ. ఎవరైనా ఆ ఫ్రేము బేరం ఆడితే, అది అమ్మకానికి కాదు, మా చెల్లెలిది, ఆలస్యమైంది అంతే, అంటాడట.

తాతయ్య విజిలు నా దగ్గర ఉంది. ఆయన పోయాక అమ్మే పంపింది, ఖాకీ గుడ్డలో చుట్టి.

నేను పనిచేసే చోట ఇప్పుడు మా నడవ అంత ఉన్న గాలి సొరంగం ఉంది. ఫ్యాను మనిషి ఎత్తుకి రెండింతలు. పొగని కంప్యూటరు వదులుతుంది, విజిలు అక్కర్లేదు. కొత్తగా చేరిన పిల్లలు వచ్చినప్పుడు ముందు ఇదే చూపిస్తాను. పొగ చార వచ్చి రెక్క మూతి దగ్గర తెగుతుంది. పిల్లలందరి కళ్ళూ పైముక్క మీదే ఉంటాయి, అది వేగంగా వంపు దాటి దూసుకుపోతుంటే అబ్బురంగా చూస్తారు. చూడాల్సింది కూడా అదే.

నేను మాత్రం కిందిదాన్ని చూస్తాను. అది రెక్క చివర దాటేవరకూ కళ్ళు తిప్పుకోలేను. వెనకబడినా అది ఆగదు. తన దారిన తాను, నెమ్మదిగా, వస్తుంది.